ఫోనులో పండిన జొన్నచేను

ఆయాలుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి మా ఇంటికి వస్తారు. టీ తాగి, కాళ్లు చాపుకుని కూర్చున్నాక ఒకటే అడుగుతారు: "ఆయమ్మా, నీ సర్వీసుల నువ్వు బాగా భయపడ్డ రోజు ఏది?"

నెత్తురు సంగతో కరోనా సంగతో చెబుతానని వాళ్ల ఆశ. ఒక సెల్‌ఫోనులో జొన్నచేను కోసిన రోజు అంటే నవ్వుతారు. నవ్వండి తల్లీ. నేనూ మొదట నవ్విన దాన్నే.

నేను చదివింది ఐదో తరగతి. కాగితం మీద నా ఉద్యోగానికి ఏదో పేరుంది, ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. డాక్టరమ్మ దగ్గర్నుంచి పేషెంట్ల దాకా అందరికీ నేను ఆయమ్మనే. భద్రాచలం దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానాలో నా సర్వీసంతా గడిచింది.

మా దగ్గర వానాకాలం వచ్చిందంటే ఒక పద్ధతి ఉంది. గోదావరి పెరిగితే దానిలో కలిసే వాగులన్నీ వెనక్కి తంతాయి. వాగు ఎక్కిందంటే అవతలి ఊరు దీవి అయిపోతుంది. అందుకని నెలలు నిండబోయే ఆడవాళ్లను ముందే తెచ్చి, కాన్పు అయ్యేదాకా దవాఖానాలోనే ఒక గదిలో ఉంచుతాం. ఆ గదికి గోడ మీద ఏదో పెద్ద పేరే రాసి ఉండేది. మేము మాత్రం ఆగుడు గది అనేవాళ్లం. అక్కడ చేసే పని అదే కదా, ఆగడం. నొప్పి లేదు, రోగం లేదు, ఇల్లు కళ్లల్లో కదులుతుంటుంది. మీరు ఆ గదిలో డ్యూటీ చేస్తే తెలుస్తుంది, ఊడ్వడం, తుడవడం ఒక పని కాదు. మనిషిని వెళ్లిపోకుండా చూసుకోవడమే పని. కన్ను అటు తిప్పితే చాలు, మూట చంకన పెట్టుకుని గేటు దాటేస్తారు. కోళ్లు ఉన్నాయంటారు, నాటు ఉందంటారు, ముసలామెకు అన్నం ఎవరు పెడతారంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు. అన్నీ నిజమే. అదే కష్టం.

కరోనా తగ్గిన తర్వాత ఒక వానాకాలం. ఊళ్లు తిరిగే ఆశా వర్కరు, మా ఆశమ్మ, ఒక అమ్మాయిని ట్రాక్టరు మీద తీసుకొచ్చి దింపింది. వాగు అవతల అడవిలో గూడెం. మొగుడు వెంట వచ్చాడు, మూట దించి, ఆమెతో తమ భాషలో నాలుగు మాటలు చెప్పి, అదే ట్రాక్టరు మీద తిరిగి వెళ్లాడు. ఇంట్లో తల్లికి చూపు ఆనదట. ఆ అమ్మాయి కాళ్లు వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట లేవడం లేదు. బీపీ చూసిన సిస్టరు నా వైపు చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఆయమ్మా, ఈమెకు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. వస్తే ఇక్కడ సూది ఉంది, మందు ఉంది. దారిలో వస్తే ఏమీ లేదు. తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు. ఈ గేటు దాటనియ్యకు."

"దాటనియ్య మేడం" అన్నాను. అనడం తేలిక.

ఆ అమ్మాయి మంచం ఎక్కలేదు. తలుపు దగ్గర, మూటను ఒళ్లో పెట్టుకుని, రోడ్డు కనిపించేలా కూర్చుంది. ఏం అడిగినా "అవ్" అంటుంది, లేకపోతే అదీ లేదు. ఇది రెండో కడుపు. మొదటిసారి నొప్పులు వచ్చాక మంచానికి కర్రలు కట్టి, ఊరి మగవాళ్లు భుజాల మీద మోసుకుంటూ వాగు దాటించారు. దవాఖానాకు చేరేసరికి బిడ్డ లేదు. ఇది ఆశమ్మ చెబితే తెలిసింది, ఆ అమ్మాయి చెప్పలేదు. దవాఖానా అంటే ఆ అమ్మాయికి ఉత్త చేతులతో తిరిగి వెళ్లే చోటు. అక్కడే కూర్చోపెట్టి భయపడకు అంటే ఎలా?

వచ్చిన మర్నాడే గేటు దాకా వెళ్లింది. బతిమాలి తెచ్చాను. ఆ తర్వాతి రోజు రోడ్డు దాకా వెళ్లింది. ఈసారి బతిమాలడం కాదు, దాదాపు ఎత్తుకొచ్చాను. బీపీ చూస్తే ఇంకా పెరిగింది. తగ్గాలంటే మనసు కుదురుగా ఉండాలి, మనసు కుదురుగా ఉండాలంటే ఇంటికి పంపాలి, ఇంటికి పంపితే చచ్చిపోతుంది. ఆ ముడి నేనెలా విప్పాలి?

విప్పింది మా సిస్టరు. పెనుబల్లి వైపు పిల్ల, కిరస్తానీలు, తెల్లవారుజామున ప్రార్థన చేసుకున్నాకే డ్యూటీకి వచ్చేది. పెళ్లి కాలేదు. కరోనా రోజుల్లో ఆమెకు జబ్బు తగిలి ఒక గదిలో ఒంటరిగా పెట్టారు. అప్పుడే ఊళ్లో వాళ్ల నాన్న పోయాడు. మట్టి కూడా వేయలేకపోయింది. ఆ గదిలో పిచ్చెక్కకుండా తనను కాపాడినవి రెండే, ఒకటి బైబిలు వాక్యం, రెండోది ఫోనులో ఒక ఆట అని చెబుతుండేది. ఆ ఆటంటే ఆమెకు ప్రాణం. నెట్ లేకపోయినా నడుస్తుంది కాబట్టి మా అడవికి కూడా సరిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక సిస్టరు వెళ్లి ఆ అమ్మాయి పక్కన నేల మీదే కూర్చుంది. ఫోను తీసి తనపాటికి తాను ఆడుకోవడం మొదలుపెట్టింది. కొంచెం సేపటికి అమ్మాయి మెడ ఇటు తిరిగింది. నేను గుమ్మంలో చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ ఆట ఏ రకమో ఒక్క మాటలో చెప్పడం నా వల్ల కాదు. చేతిలో లాంతరు పట్టుకుని ఒక పిల్ల పాడుబడ్డ ఊరికి వస్తుంది. పొలం దున్నాలి, విత్తనం వేయాలి, నీళ్లు పెట్టాలి. అడవిలోకి వెళితే మృగాలతో కత్తి యుద్ధం. ఊళ్లో మనుషులతో మాట్లాడి వాళ్ల తగువులు తీర్చాలి. పాత రాతి ఇళ్లలో తలుపులు తెరవాలంటే పొడుపుకథ విప్పాలి. చేపలు పట్టాలి, వంట చేయాలి.

"ఇది సేద్యమా, యుద్ధమా, సంసారమా సిస్టర్?" అన్నాను.

"అన్నీనూ ఆయమ్మా. అందుకే నాకిష్టం."

అవతలి మంచం మీద బొగ్గుబాయి కార్మికుడి భార్య ఉంది. పుట్టిల్లు ఇక్కడే, కాన్పుకు వచ్చింది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. "గట్లయితె మన బతుకే గదా" అంది. "దీనికి మళ్లా ఫోనెందుకు, నన్ను సూడు, సరిపోతది."

అప్పుడు మొదటిసారి ఆ అమ్మాయి నవ్వడం చూశాను. పెద్ద నవ్వు కాదు. పెదవి ఒక పక్కకు కదిలింది, అంతే.

సిస్టరు ఫోను ఆమె చేతిలో పెట్టింది. కొత్త ఆట మొదలుపెట్టి ఎక్కడ నొక్కాలో చూపించింది. ఇక చూడండి. మూట ఒళ్లోంచి పక్కకు జరిగింది, తర్వాత మంచం కిందికి వెళ్లింది. మనిషి మంచం ఎక్కింది. సిస్టరు డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోను ఆ గదిలోనే. బీపీ దిగింది అని చెప్పను, పెరగడం ఆగింది. మాకు అదే పండుగ.

ఆమె ఆడే తీరు వేరు. అడవిలో ఎలుగులాంటి మృగం ఎదురైతే సిస్టరు కత్తి తీయమంటుంది, ఆమె తీయదు. మెల్లగా పక్కనుంచి తిప్పుకుని పోతుంది.

"అదేంటి, కొడితే బంగారం వస్తుంది కదా" అంటే, "దాని జాగకు మనం వోయినం సిస్టర్. మనమే పక్కకు జరగాలె" అంది.

"ఈ తెలివి మా ఆయనకు ఉంటె మా అత్తతోటి నాకు లొల్లే ఉండకపోవు" అంది బొగ్గుబాయి ఆమె.

పొలంలో జొన్న వేసింది. అది మొలిచి, పెరిగి, కంకి పట్టి, పచ్చగా పండింది. పండిన చేను తెరమీద మిలమిల మెరుస్తుంది, కోయమని. ఆమె కోయలేదు. ఆటలో ఊరి ముసలాయన ఒకడు చేను గట్టున కూర్చుని ఆకలి అంటూ చేయి చాపుతుంటాడు. ఆమె అడవికి పోయి గడ్డలు తవ్వుకొచ్చింది, వాగులో చేపలు పట్టింది, వండి ఆయనకు పెట్టింది. జొన్న మాత్రం ముట్టదు.

"కోయమ్మా, ఎండిపోతది" అన్నాను.

"మా ఊర్ల కొత్తలు కాలె ఆయమ్మా."

మీలో అడవి తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. కొత్త పంట చేతికొస్తే వాళ్లు వెంటనే నోట్లో పెట్టరు. ఊరంతా కలిసి ఒక రోజు అనుకుని, ముందు దేవతకు పెట్టి, తర్వాతే అందరూ తింటారు. అదే కొత్తల పండుగ. అది కాకుండా కంకి తుంచితే తప్పు. తప్పు చేసినవాళ్లు ఊరి ముందు ఒప్పుకుని తప్పు కట్టాలి, అంటే పెద్దలు వేసిన జరిమానా ఇచ్చుకోవాలి.

"ఫోన్ల జొన్నకు గూడ పండుగ కావాల్నా?" అని బొగ్గుబాయి ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి కూడా నవ్వింది. కానీ కోయలేదు. ఆ మాట జరిగినప్పుడు సిస్టరు గదిలో లేదు, కాన్పుల గదిలో ఉంది. ఎవరికి ఏది తెలుసో, ఏది తెలియదో ముందే తెలిస్తే మనిషికి కష్టమే ఉండదు.

అప్పటికి వాన పట్టుకుంది. ముసురు కాదు, కుండపోత. రేకుల మీద చప్పుడుకు పక్క మనిషి మాట వినబడదు. గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని ఫోన్లలో అందరూ అనుకుంటున్నారు. ఖమ్మం వైపు పోయే బస్సులు సాయంత్రానికి ఆపేస్తారని కబురు. సిస్టరు డ్యూటీ మధ్యాహ్నంతో అయిపోతుంది. తర్వాత సెలవు. వాళ్లమ్మ పొద్దుటి నుంచి దవాఖానా నంబరుకు ఫోను మీద ఫోను. నాన్న పోయినప్పుడు రాలేకపోయావు, నీళ్లు చుట్టుముడితే ఇప్పుడూ రాలేవు అని ఏడుపు. ఆ పిల్ల సంచి సర్దుకుని తయారుగా ఉంది.

వెళ్లేముందు ఆగుడు గదికి వచ్చింది. ఆ అమ్మాయి కునుకు తీస్తోంది. ఫోను దిండు పక్కన. సిస్టరు తీసి చూసింది. పండిన చేను, ఎండకు తిరిగిన ఆకులు, గట్టున ఆకలి ముసలాయన. పాపం, పిల్లకు కోయడం తెలియలేదేమో అనుకుంది. ఫోనేమో తనతో తీసుకుపోవాలి. పోయేముందు ఒక మంచి పని చేసి పెడదామనుకుంది. మొత్తం చేను కోసింది. జొన్నలు దంచింది. రొట్టెలు చేసి ఊరందరికీ విందు పెట్టింది. ఆ ఆటలో విందు పెడితే డప్పులు మోగుతాయి, చెట్లకు దీపాలు వెలుగుతాయి.

నేను అప్పుడే బకెట్టుతో లోపలికి వచ్చాను. ఆ డప్పుల చప్పుడుకు అమ్మాయి కళ్లు తెరిచింది.

"చూడు, నీ ఊరికి విందు పెట్టాను!" అని సిస్టరు సంబరంగా ఫోను చూపించింది.

అమ్మాయి చూసింది. ముఖంలో నెత్తురు దిగిపోవడం నేను చూశాను. ఆమె అరిచినా బాగుండేది. మెల్లగా గోడవైపు తిరిగి పడుకుంది. సిస్టరు "నిద్రమత్తులో ఉంది, మళ్లీ వచ్చాక ఆడుకుంటుందిలే" అని ఆమె తల నిమిరి, గొడుగు తీసుకుని బస్సు కోసం వెళ్లిపోయింది.

పక్కనే కూర్చున్నాను. అంతలో కాన్పుల గదిలోంచి పిలుపు, గుడ్డలు కావాలని. ఇచ్చి వచ్చేసరికి మంచం ఖాళీ. వంగి చూశాను. మూట లేదు.

"ఏదీ?" అన్నాను.

"బాత్రూంకని వోయింది" అంది బొగ్గుబాయి ఆమె. తర్వాత తనే, "మూట పట్కొని బాత్రూంకు ఎవ్వలు వోతరు? ఉరుకు ఆయమ్మా!" అని కేక పెట్టింది.

గేటు దగ్గర వాచ్‌మన్ లేడు. మందుల గదిలోకి నీళ్లు రాకుండా ఇసుక మూటలు మోస్తున్నాడు. నెత్తిన ప్లాస్టిక్ సంచి కప్పుకుని రోడ్డు మీద పడ్డాను. వాన కొడుతుంటే ఎదుట మనిషి కాదు, ఎద్దుల బండి ఉన్నా కనబడదు. ఒకటే ఆలోచన: కుడివైపు వెళ్లిందా, ఎడమవైపు వెళ్లిందా? కుడివైపు బస్సులు ఆగే చోటు. ఎడమవైపు వాగు. నేను ఎడమకు పరుగెత్తాను. చెప్పులు బురదలో దిగబడితే వదిలేశాను. దారిలో నీళ్లు కాలువ కట్టి నాతోపాటే పరుగెడుతున్నాయి. వాగు చప్పుడు దూరం నుంచే వినబడుతోంది. మామూలుగా అది గలగలమంటుంది, ఆ రోజు గుర్రుమంటోంది. డాక్టరమ్మకు ఇచ్చిన మాట చెవుల్లో మోగుతోంది. నా సర్వీసులో ఆగుడు గదిలోంచి నా కన్ను కప్పి పోయిన వాళ్లు లేకపోలేదు. కానీ పోతే తిరిగి రాదని తెలిసిన మనిషి ఈమె ఒక్కతే.

వాగు మొదట్లో, రోడ్డు నీళ్లలోకి దిగిపోయే చోట ట్రాక్టరు ఒకటి ఆగి ఉంది. డ్రైవరు ఇంజను ఆపలేదు. అవతలి ఊళ్లో పశువులున్నాయని, ఇప్పుడు దాటకపోతే మళ్లీ దాటలేనని తొందరపడుతున్నాడు. ఆ అమ్మాయి ఒక కాలు ట్రాక్టరు మీద పెట్టి ఎక్కుతోంది.

వెనక నుంచి వెళ్లి చేయి పట్టుకున్నాను. "దిగు బిడ్డా, దిగు."

"ఇడువు ఆయమ్మా. నేను వోవాలె."

"ఎటు వోతవ్? నీళ్లు సూసినవా? ఓ బాబూ, కడుపుతోటి ఉన్న మనిషిని ఎట్ల ఎక్కించుకుంటున్నవ్, నీకు అక్కాచెల్లెండ్లు లేరా?"

"నేనెక్కించుకున్ననా? ఆమెనే ఎక్కుతాంది!" అన్నాడు డ్రైవరు. కానీ ఇంజను ఆపేశాడు. ఆ పుణ్యం అతనిది.

అమ్మాయి దిగలేదు, ఎక్కలేదు. అలాగే ట్రాక్టరు పట్టుకుని నిలబడింది. నేను తెలివిగా ఏదో చెప్పబోయాను. "ఫోనుల ఆట బిడ్డా అది. ఉత్త బొమ్మలు."

అప్పుడు నా ముఖంలోకి సూటిగా చూసింది. "ఆటని నాకు తెల్వదా ఆయమ్మా? ఫోన్ల జొన్నకు దేవత కోపం చేస్తదా? నేనంత ఎర్రిదాన్నా?"

"మరెందుకు పోతున్నవ్?"

వాన చప్పుడులో వినబడేలా నా చెవి దగ్గరికి వంగి చెప్పింది. "పోయినసారి కడుపుల ఉన్నప్పుడు ఆకలైంది. ఇంట్ల ఏం లెవ్వు. కొత్తలు కాలె. మా చేన్ల మక్కకంకి ఒక్కటి ఇరిసి, కాల్సుకొని తిన్న. ఎవ్వలకు చెప్పలె. మా ఆయనకు గూడ చెప్పలె. తర్వాత బిడ్డ వోయింది." ఆగి ముక్కు తుడుచుకుంది. "ఈసారి ముట్టొద్దనుకున్న. బిడ్డ పుట్టి, ఇంటికి వోయి, ఊర్ల కొత్తలు అయినంక కోస్త అనుకున్న. పండినా ముట్టలె. ఆ ముసలాయన అడిగినా ముట్టలె. నిలవెట్టుకున్ననని అనుకున్న. ఇగ అది గూడ వోయింది."

అంతకాలం ఆ కంకి ఆమె ఒక్కతే మోసింది. మేమంతా నవ్వింది దాన్ని చూసే.

దేవత లేదని చెప్పనా? నేను నమ్మని మాట నేనెలా చెబుతాను? నీ తప్పేం లేదని చెబితే, ఆ అమ్మాయి ఆ మాట నా దగ్గర తీసుకోదు. ఇవ్వడానికి నేనెవరిని? అంతలో ఆమె నుదురు పట్టుకుని, "తల పగులుతాంది ఆయమ్మా. కండ్ల ముంగట మెరుపులు" అంది.

ఆకాశంలో మెరుపులు లేవు. ఇది డాక్టరమ్మ భయపడిన మెరుపు. అది కనిపించిందంటే ఫిట్స్ గుమ్మంలో నిలబడి ఉన్నట్టే.

అప్పుడే వెనక నుంచి గొడుగు ఎగిరిపోయి, నిలువునా తడిసి, సిస్టరు పరుగెత్తుకొచ్చింది. బస్సు ఇంకా రాలేదట. బొగ్గుబాయి ఆమె ఫోను చేసి, జొన్న సంగతి, కొత్తల సంగతి చెప్పి, నాలుగు తిట్లు కూడా తిట్టిందట.

సిస్టరు ఆమె ఎదుట నిలబడింది. దణ్ణం పెట్టలేదు, ఏడవలేదు. "చేను కోసింది నేను. నువ్వు కాదు. తప్పు నాది" అంది.

అమ్మాయి తల ఎత్తి ఆమెను చూసింది.

"మీ ఊళ్లో తప్పు చేస్తే ఏం చేస్తారు?"

"తప్పు కట్టాలె" అంది అమ్మాయి, మెల్లగా.

"అయితే కడతాను. ఏం కట్టమంటే అది కడతాను. నువ్వే పెద్దమనిషివి, నువ్వే చెప్పు."

నేను లోపల ఉడికిపోతున్నాను. ఇక్కడ పంచాయితీ పెట్టే సమయమా ఇది? ఇద్దరినీ ఎత్తి ట్రాక్టరులో పడేసి తీసుకుపోదామనిపించింది. కానీ సిస్టరు కదలలేదు. ఆ అమ్మాయి కళ్లు మూసుకుని, పెద్ద మనిషి ఆలోచించినట్టే ఆలోచించింది.

"మళ్ల విత్తనం ఎయ్యాలె" అంది. "మా ఊర్ల కొత్తలు అయినయని నేను చెప్పెదాంక ముట్టొద్దు."

"ముట్టను."

"ఇంగొకటి. నా బిడ్డ పుట్టెదాంక నువ్వు యాడికీ పోవద్దు."

సిస్టరు ముఖం ఒక్క క్షణం మారింది. పైన రోడ్డు మీద బస్సు హారను అప్పుడే వినబడింది. అదే ఆఖరి బస్సు. పెనుబల్లిలో తల్లి గుమ్మంలో కూర్చుని ఉంటుంది. నేను చూస్తున్నాను. ఆ పిల్ల వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"పోను. నడు" అంది.

ట్రాక్టరు వాగు దాటలేదు. మమ్మల్ని ముగ్గురినీ ఎక్కించుకుని దవాఖానా వైపు తిరిగింది. గుంతల్లో ఎగిరినప్పుడల్లా నేను ఆ అమ్మాయి తలను నా రొమ్ముకు అదుముకున్నాను. గేటు లోపలికి వచ్చామో లేదో ఆమె కళ్లు పైకి తిరిగాయి, పళ్లు కరుచుకున్నాయి, ఒళ్లు విల్లులా వంగింది. స్ట్రెచరు తెచ్చే వ్యవధి లేదు. డ్రైవరు, వాచ్‌మన్, నేను మోశాం. సిస్టరు తడి బట్టలతోనే ఫిట్స్ ఆపే పెద్ద సూదులు రెండూ వేసింది. డ్యూటీలో ఉన్న ఇంకో సిస్టరు అవతల ఇంకో కాన్పుతో ఉంది. ఈ పిల్ల బస్సెక్కి ఉంటే ఆ సూది వేసే చేయి ఆ నిమిషానికి అక్కడ ఉండేది కాదు. ఇది నేను ఇప్పటికీ తలుచుకోవడానికి భయపడే మాట.

ఇక లోపల జరిగింది మీకు చెప్పనక్కర్లేదు, మీరూ చూసే పనే. కరెంటు పోయింది, డాక్టరమ్మ టార్చి వెలుగులో చేసింది. బిడ్డ బయటికి వచ్చింది, నీలంగా ఉంది, ఏడవలేదు. సిస్టరు ఆ బిడ్డ వీపు రుద్దుతూ, ముక్కులో గొట్టం పెడుతూ, పెదవులు కదుపుతోంది. ప్రార్థన అనుకున్నాను. దగ్గరికి వెళ్లి వింటే, "విత్తనం వేస్తాను, ముట్టను, విత్తనం వేస్తాను" అంటోంది.

అప్పుడు ఏడ్చింది ఆ బిడ్డ. పిల్లి కూతంత. ఆగుడు గదిలోంచి బొగ్గుబాయి ఆమె, "ఆడపిల్లే! గొంతు సూస్తె తెలుస్తలేదా!" అని అరిచింది. నిజంగానే ఆడపిల్ల.

అమ్మాయికి తెలివి వచ్చాక బిడ్డను పక్కన పడుకోబెట్టాం. ముందు బిడ్డను చూసింది, వేళ్లు లెక్కపెట్టింది. తర్వాత సిస్టరును చూసి, "విత్తనం ఏసినవా?" అని అడిగింది. సిస్టరు నేల మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది, అంతసేపటిది అంతా కలిపి. ఆమె ఏడుపు ఆపేలోగా విత్తనం నేనే వేశాను, ఎక్కడ నొక్కాలో బాలింత చెబుతుంటే.

వరద నీళ్లు తగ్గాక వాళ్లు ఊరికి వెళ్లారు. మంచం మీద మోసుకుంటూ కాదు, మొగుడి చేతుల్లో బిడ్డ, ఆమె కాళ్ల మీద ఆమె. సిస్టరు కూడా ఊరెళ్లి తల్లిని చూసుకుని వచ్చింది. ఫోనులో జొన్న పండింది. మిలమిల మెరుస్తూ నిలబడింది. డ్యూటీకి వచ్చిన ప్రతివాళ్లూ అడిగేవాళ్లు, కోయవా అని. నేను ఫోను వచ్చిన ప్రతిసారీ తడబడేదాన్ని. బిడ్డకు ఏమైనా అయ్యిందా? ఎందుకు కబురు లేదు? ఆ అడవిలో సిగ్నలు దొరకాలంటే గుట్ట ఎక్కాలి, అది తెలిసీ మళ్లీ మళ్లీ ఫోను చూసుకునేదాన్ని.

చివరికి ఒక రోజు ఫోను వచ్చింది. స్పీకరు పెట్టాం. మాట్లాడింది అమ్మాయి కాదు, వాళ్ల అత్త, చూపు ఆనని ముసలామె. కోడలు కంకి సంగతి ఊరి పెద్దమనుషుల ముందు చెప్పేసిందట, తప్పు కడతానని. తీర్పు చెప్పమని అందరూ ఈ ముసలామె వైపు చూశారట.

"నేనే చెప్పిన" అంది ఆమె. "కడుపుతోటి ఉన్నదానికి ఆకలైతె పండుగ అడ్డమొస్తదా? కడుపుల బిడ్డకు ఏం కొత్త, ఏం పాత? ఎర్రి పోరి, నన్ను ఒక్కమాట అడిగితె అయిపోవు. ఇంతకాలం గుండెల పెట్టుకున్నది." తర్వాత గట్టిగా, "సిస్టరమ్మా, మా ఊర్ల కొత్తలు అయినయ్. ఇగ కొయ్యి" అంది.

సిస్టరు కోసింది. ఆ డప్పులకు ఆగుడు గదంతా లేచి కూర్చుంది.

పిల్లలూ, పాఠం చెప్పడం నాకు రాదు. మనిషిని గేటు దగ్గర ఆపగలమని చాలాకాలం అనుకున్నాను. మనిషి దేన్ని కాపాడుకుంటున్నదో తెలియకుండా గేటు వేసి ఏం లాభం? అంతకు మించి నాకు తెలిసింది లేదు.

నేను రిటైరయ్యాను. మోకాళ్లు పోయాయి. సిస్టరు పెళ్లి చేసుకుని వేరే ఊరికి బదిలీ అయింది, పోతూ పోతూ ఆ ఆట నా ఫోనులో వేసి ఇచ్చింది. నాకు పొడుపుకథలు విప్పడం రాదు, ఎలుగు కనబడితే పక్కకు తప్పుకుంటాను, జొన్న మాత్రం బాగా పండిస్తాను. ఆ గూడెం నుంచి కొత్తలు అయ్యాయని ఫోను వచ్చేదాకా పండినదాన్ని ముట్టను. మా ఇంట్లో వాళ్లకు నన్ను చూస్తే నవ్వు.

ఈ ఏడు వానలు మళ్లీ విరుచుకుపడ్డాయి. వాగులు ఎక్కాయని టీవీలో చూశాను. నా చేను పండి ఎన్నాళ్లయిందో. కబురు లేదు. పొద్దున లేస్తే ఫోను, పడుకునేముందు ఫోను. నిన్న చారు పోపు పెడుతుంటే మోగింది. చేతులు తుడుచుకోకుండానే ఎత్తాను.

అవతల అమ్మాయి గొంతు కాదు. చిన్న గొంతు, కొంచెం కీచుగా, గాలి చప్పుడులో. గుట్ట ఎక్కినట్టున్నారు.

"అమ్మమ్మా?"

"అవ్ బిడ్డా. నేనే. అందరు మంచిగున్నరా? మీ అమ్మ ఏది?"

"ఈడనే ఉన్నది. నన్నే చెప్పుమన్నది."

"ఏం చెప్పుమన్నది?"

పక్కనుంచి తల్లి ఏదో అందిస్తున్నట్టు వినబడింది. ఆ పిల్ల గొంతు సవరించుకుని, ఊరి పెద్ద చెప్పినట్టే చెప్పింది.

"మేం తిన్నం. ఇగ నువ్వు కొయ్యి."